పాతకు తరుగెంత? – ‘యాంటిక్’ బంగారమూ కులమూ

నగల మీద వ్యాసం దళిత అధ్యయనాల పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. భూమి, కూలి, రిజర్వేషన్లు, దాడులు – ఇన్ని సమస్యలుండగా హారాలూ వడ్డాణాలూ మనకెందుకని అనిపించొచ్చు. మేమనేది ఏమిటంటే, కులం భూమిలో ఉన్నట్టే మెడలో కూడా ఉంది. ఎవరి ఒంటి మీద ఏ లోహం ఉండాలో శాస్త్రం రాసి పెడితే, ఊరు దాన్ని కర్ర పట్టుకొని అమలు చేసిన దేశం ఇది. అటువంటి దేశంలో ‘ప్రాచీన నగ’ అనే సరుకు బజారుకు వచ్చి విపరీతంగా అమ్ముడవుతుంటే, ఆ ప్రాచీనత ఎవరిదని అడగడం విమర్శకుల పని.

మెహిదీపట్నం దిక్కు నుంచి ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి పోయే దారిలో నగల హోర్డింగులు చూసినవాళ్లకు ఈ సరుకు కొత్త కాదు. పెండ్లికూతురు మెడలో దశావతారాల హారం, నడుముకు అష్టలక్ష్ముల వడ్డాణం, దండకు వంకీ, జడకు నాగరం. కింద వారసత్వం, రాజసం, ప్రాచీన వైభవం లాంటి మాటలు. ఈ వ్యాసానికి శంషాబాద్ చుట్టుపక్కలను తీసుకోవడానికి కారణం హోర్డింగులొక్కటే కాదు. ఈ దేశంలో తవ్వే బంగారం చాలా తక్కువ. ఏటా వందల టన్నులు బయటి దేశాల నుంచి రావలసిందే. హైదరాబాద్‌కు అట్లా వచ్చే వాకిళ్లలో ఈ విమానాశ్రయం ఒకటి. అదే చుట్టుపక్కల రావిర్యాలలో రత్నాభరణాల ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చింది, మహేశ్వరంలో నగల ఫ్యాక్టరీ వచ్చింది, ముచ్చింతలలో బంగారు విగ్రహం వచ్చింది. బంగారం దిగే చోటు, నగ అయ్యే చోటు, దేవుడయ్యే చోటు – మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి.

పాతను ఎట్లా తయారు చేస్తారు

ముందు పని సంగతి చూద్దాం. యాంటిక్ నగ అంటే తాతల నాటి నగ అనుకుంటే పొరపాటు. అది నిన్న మొన్న చేసిన కొత్త నగ. 22 క్యారెట్ల బంగారాన్ని పలచని రేకుగా సాగగొట్టి, లక్క మీద పరిచి, ఉలితో చిన్న సుత్తితో లక్ష్మినో గజరాజునో నెమలినో ఉబ్బెత్తుగా లేపుతారు. దీన్నే నకిషీ పని అంటున్నారు. కెంపులూ పచ్చలూ పొదుగుతారు, అంచులకు గుత్తపూసలు కడతారు. చివరికి కొత్త బంగారానికి సహజంగా ఉండే మెరుపును తగ్గించి, గాట్లలో నలుపు నిలిచేటట్టు మందు పూస్తారు. పైన తుడిస్తే ఎత్తులు మెరుస్తాయి, లోతులు మసకబారి ఉంటాయి. వందేండ్లు దేవుని గదిలో దీపపు పొగ పట్టిన నగలాగా కనపడుతుంది. పొగ లేదు, వందేండ్లూ లేవు.

ఈ పనికి తరుగూ మజూరీ మామూలు గొలుసు కంటే ఎక్కువ. తరుగంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం కింద కొనేవాళ్ల దగ్గర వసూలు చేసే లెక్క. అంటే కొత్తదాన్ని పాతదిగా కనపడేటట్టు చేసినందుకు అదనపు ధర.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. నిజంగా పాత నగ ఉన్నవాళ్లు అదే దుకాణానికి పోతే ఏమవుతుంది? ఒక కూలి తల్లి తన పుస్తె, గుండ్లు, కమ్మలు తీసుకొని బిడ్డ ఫీజు కోసమో ఆసుపత్రి కోసమో అమ్మకానికి పోతే, అవి ఎన్నేండ్లవో, ఎవరి చేతి పనో ఎవరూ అడగరు. గీటురాయి మీద గీస్తారు, మిషన్‌లో పెడతారు, రాళ్లూ లక్కా తీసేస్తారు, కరగబెట్టి మిగిలిన దానికి లెక్క కడతారు. లంబాడీ తండాల నుంచి వచ్చిన వెండి కడియాల కథా ఇంతే. తూకానికి కొంటారు. అవే నాలుగు చేతులు మారి పట్నంలో గాజు అద్దం వెనక చేరితే ‘ట్రైబల్ ఆర్ట్’ అని వేరే ధర పలుకుతాయి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే: ఒకరి పాతను తరుగు కలిపి అమ్ముతారు, ఇంకొకరి పాతను తరుగు తీసేసి కొంటారు. పాత అనే మాటకు ఈ సమాజంలో రెండు ధరలున్నాయి. ఆ రెంటి మధ్య తేడా పేరే కులం.

ఏ ప్రాచీనత?

ఈ ‘ప్రాచీన’ నగల వంశవృక్షాన్ని తడిమి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. పాత నాగరికతల నగలను మళ్లీ చేసి అమ్మడం 19వ శతాబ్దపు ఐరోపా వ్యాపారం. ఇటలీలో సమాధులు తవ్వితే బయటపడిన ఎట్రుస్కన్ బంగారాన్ని చూసి రోమ్ నగరంలో కాస్టెల్లానీ కుటుంబం అటువంటి నగలు చేసి ధనవంతులకు అమ్మింది. 1922లో ఈజిప్టులో టూటన్‌ఖామున్ సమాధి తెరవగానే పాశ్చాత్య నగల దుకాణాల నిండా ఈజిప్టు బొమ్మలొచ్చాయి. ఇతరుల సమాధిని తవ్వి తమ మెడలో వేసుకోవడం సామ్రాజ్యాల అలవాటు.

మనకు దగ్గరగా మద్రాసులో జరిగింది చూడండి. అక్కడ మౌంట్ రోడ్డు మీది పి. ఆర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ హిందూ దేవతల బొమ్మలు లేపిన నగలూ పాత్రలూ చేయించి ‘స్వామి’ పని అనే పేరుతో దొరలకు అమ్మింది. 1875లో వేల్స్ యువరాజు మద్రాసుకు వచ్చిపోయినాక ఆ మోజు ఇంకా పెరిగింది. ఒంటి నిండా దేవుళ్లను చెక్కించుకునే నగలు వేదకాలం నుంచి ఉన్నాయని ఇవ్వాళ అమ్మేవాళ్లు నమ్మించొచ్చు. ఆ మోజును సరుకుగా మార్చి బజారులో నిలబెట్టడంలో మాత్రం దొరసానుల డ్రాయింగు రూములకు పెద్ద వాటా ఉంది. దేవతల బొమ్మలతో నగలు అంతకుముందు లేవని మేము అనడం లేదు. అవి గుడిలో దేవుడికి, ఆ దేవుడి ముందు ఆడే ఆడవాళ్లకు ఉండేవి. అందరూ కొనగల ‘మన సంప్రదాయం’ కావడం కొత్త చరిత్ర.

మన కాలానికి వస్తే, సినిమా ఆ పని చేసింది. 2015, 2017లలో వచ్చిన బాహుబలి సినిమాలకు జైపూర్‌కు చెందిన ఆమ్రపాలి సంస్థ నగలు తయారు చేసింది. ఆ తీరు నగలు బజారులోకి కూడా వచ్చాయి. మాహిష్మతి కల్పిత రాజ్యం. ఎన్నడూ లేని రాజ్యపు నగలు ‘రాచరికపు వారసత్వం’గా మెడలకెక్కాయి. ఆ సినిమాలో బంగారమంతా తెల్లటి రాజవంశానిది. ఎదుటి పక్షమైన కాలకేయులకు దక్కింది నల్లరంగు, అర్థంకాని భాష, అనాగరికత. ప్రాచీన నాగరికతను ఎట్లా ఊహించుకోవాలో, అందులో ఎవరిని రాజుగా, ఎవరిని రాక్షసులుగా పెట్టాలో ఈ తెర నేర్పింది. హారం దానికొక గుర్తు.

మరి ఈ నేలలో నిజంగా దొరికిన పాత ఏమిటి? 1941–42లో నిజాం పురావస్తు శాఖ మెదక్ జిల్లా కొండాపూర్‌లో (ఇప్పుడు సంగారెడ్డి జిల్లా) తవ్వకాలు చేస్తే శాతవాహనుల నాటి ఊరు బయటపడింది. నాణేలు, గాజుపూసలు, శంఖపు పూసలు, మట్టి పూసలు, మట్టి బొమ్మలు కుప్పలుగా దొరికాయి. అక్కడ దొరికిన వాటిలో మాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచినవి రోమన్ నాణేల అచ్చుతో చేసిన కాల్చిన మట్టి బిళ్లలు. రోమ్ బంగారు కాసు కొనగలిగినవాళ్లు బంగారాన్నే కట్టుకొని ఉంటారు. కొనలేనివాళ్ల కోసం ఎవరో అదే బొమ్మను మట్టిలో అద్ది కాల్చారు. రెండువేల ఏండ్ల కిందటి ‘ఒక గ్రాము బంగారం’ అది. కాసులపేరుకు ఇంత పాత పేద చుట్టం ఉందని ఏ హోర్డింగూ చెప్పదు. మట్టి బిళ్లకు తరుగు వేయలేరు కదా.

బంగారం కూడా ఆకాశం నుంచి పడలేదు. ఒకప్పటి నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా హట్టిలో, 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడటానికి వందల ఏండ్ల ముందే, మనుషులు రాతిని నిప్పుతో కాల్చి పగలగొట్టుకుంటూ వందల అడుగుల లోతుకు దిగారు. ఆ పాత గుంతలు ఇంకా సాక్ష్యంగా ఉన్నాయి. కోలారులో జాన్ టేలర్ కంపెనీ కింద మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి ఊపిరితిత్తుల నిండా రాతి పొడి నింపుకొన్న వాళ్లలో ఎక్కువమంది దళితులు – తమిళులు, మన చిత్తూరు వైపు తెలుగువాళ్లు. 2001 ఫిబ్రవరిలో ఆ గనులు మూసేశారు. వాళ్ల బస్తీలు మిగిలాయి. బంగారపు ప్రాచీనత గురించి మాట్లాడాలంటే ఈ గుంతల దగ్గర మొదలు పెట్టాలి.

ఇనుము ఎవరికి, బంగారం ఎవరికి

మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుర బతుకు ఎట్లా ఉండాలో లెక్క రాసి ఉంది. శవాల మీది బట్టలు కట్టాలి, పగిలిన పాత్రల్లో తినాలి, నగలు ఇనుపవై ఉండాలి. మాటిమాటికి మనువును తిట్టడం పాతబడిపోయిందని అనేవాళ్లున్నారు. నగల విషయంలో ఆ శ్లోకం పాతబడలేదని చరిత్ర చెబుతుంది. అందులో ఇంకొకటి కూడా గమనించాలి. అంటరానివాళ్లకు మనువు ఇచ్చిందంతా పాతే – పాత బట్ట, పగిలిన కుండ. పాత అంటే మా వాడల్లో ఇప్పటికీ దొరగారింటి పాత చీర, మిగిలిన పాత కూర. ఆ పాతకు ఏ కాలంలోనూ వన్నె రాలేదు.

ఇంకా దగ్గరికి రండి. 1928లో ఇండోర్ జిల్లా ఊళ్లలో పైకులాలవాళ్లు బలాయీలకు షరతులు పెట్టారు. వాళ్ల ఆడవాళ్లు బంగారం, వెండి నగలు పెట్టుకోకూడదన్నది అందులో ఒకటి. ఒప్పుకోనివాళ్లకు బావులు మూసేశారు, పశువులను మేపనియ్యలేదు. అంబేడ్కర్ ‘కులనిర్మూలన’లో ఈ సంగతిని చెప్పాడు. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లాలో కళ్లర్లు ఆది ద్రావిడులకు ఎనిమిది నిషేధాలు పెట్టారు. బంగారం, వెండి నగల నిషేధం వాటిలో ఉంది. మాట విననివాళ్ల గుడిసెలు తగలబడ్డాయి. తిరువాన్కూరులో పులయ స్త్రీల మెడకు రాతిపూసలే గతి. 1915లో అయ్యంకాళి పిలుపు మీద కొల్లం దగ్గర వాళ్లు ఆ పూసల దండలు తెంపి కుప్ప పోశారు. 1927 డిసెంబరులో మహాడ్‌లో అంబేడ్కర్ ఆడవాళ్లతో మాట్లాడుతూ, అంటరానివాళ్లని చూడగానే తెలిసేటట్టు చేసే కట్టూ నగలూ మానెయ్యమన్నాడు.

ఈ సంఘటనలన్నీ పక్కపక్కన పెడితే, దళితుల నగల చరిత్ర అంటే రెండు పోరాటాల చరిత్ర అని తెలుస్తుంది. అంటగట్టిన నగను తీసెయ్యడానికి ఒకటి, నిషేధించిన నగను పెట్టుకోవడానికి ఒకటి. యాంటిక్ నగ ఏ రాజుల కాలాన్ని గుర్తు చేస్తున్నదో ఆ కాలంలో మన తాతమ్మల మెడ ఖాళీగా ఉంది, లేకపోతే ఇనుముతో రాతితో నిండి ఉంది. ఆ కాలాన్ని వైభవం అని పిలవమంటే మేము పిలవలేం.

గుడి నగ, జోగిని మెడ

‘టెంపుల్ జ్యూయలరీ’ అనే మాట కూడా ఇట్లాంటిదే. నాగర్‌కోయిల్ దగ్గర వడసేరిలో తరతరాలుగా చేసిన ఆ నగలు దేవుడివి, దేవుడికి అంకితమైన ఆటకత్తెలవి. 1930ల తర్వాత సదిర్ ఆట భరతనాట్యమని పేరు మార్చుకొని పైకులాల ఇండ్లకు చేరినప్పుడు నగలు కూడా వెంట పోయాయి. ఆట పోయింది, నగ పోయింది, దేవదాసికి మాత్రం నింద మిగిలింది. తెలంగాణలో ఆ నగ కూడా లేదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఊళ్లలో ఎల్లమ్మ పేరు మీద జోగినులుగా విడిచినవాళ్లలో ఎక్కువమంది మాదిగ, మాల ఇండ్ల ఆడపిల్లలు. వాళ్ల మెడకు దక్కింది దేవత పేరుతో కట్టిన తాళి. ఆ తాళి ఊరందరికీ హక్కిచ్చింది. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. గుడిని మెడలో వేసుకొని ఫోటో దిగే పెండ్లికూతురికి గుడి చేసిన ఈ పని తెలియాల్సిన అవసరం లేకుండా చేసింది మాత్రం బజారు.

ఇదే చూపుతో ముచ్చింతలకు పోదాం. 2022 ఫిబ్రవరి 5న అక్కడ 216 అడుగుల రామానుజాచార్య విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించాడు. పేరు సమతామూర్తి. చుట్టూ 108 దివ్యదేశాల నమూనా గుళ్లు, అంటే పాత గుళ్ల తీరులో కొత్త గుళ్లు. లోపల 120 కిలోల బంగారంతో చేసిన ఇంకో విగ్రహం. ఆయన బతికిన 120 ఏండ్లకు ఏడాదికి కిలో చొప్పున అట. దాన్ని ఫిబ్రవరి 13న ఆవిష్కరించింది దళిత కులంలో పుట్టిన రాష్ట్రపతి. రామానుజుడు పంచములను తిరుక్కులత్తార్ అన్నాడని, మేల్కోటలో వాళ్లకు గుడి ప్రవేశం ఇప్పించాడని చెప్తారు. ఆ ప్రవేశం ఏడాదికి కొద్ది రోజులే. మిగతా రోజుల సంగతి మాట్లాడకుండా సమానత్వాన్ని కిలోల్లో తూచడం యాంటిక్ పద్ధతే. పాత మాట తీసుకొని, దాని గాట్లలోని మురికి కూడా అందంగా కనపడేటట్టు చేస్తారు.

రాజ్యం దీనికి బయట లేదు. ‘బంగారు తెలంగాణ’ అన్న నినాదంతో వచ్చిన ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో తిరుమల దేవుడికి 5 కోట్ల పైచిలుకు ప్రజాధనంతో సాలగ్రామ హారమూ కంఠాభరణమూ సమర్పించింది. ఇదే నేల మీద మేడారంలో విగ్రహం లేని సమ్మక్క సారలమ్మలకు కోయలూ బహుజనులూ నిలువెత్తు ‘బంగారం’ తూచి ఇస్తారు. ఆ బంగారం బెల్లం. జాతర అయ్యాక అందరూ పంచుకొని తింటారు. బంగారానికి రెండు అర్థాలున్న రాష్ట్రంలో ప్రభుత్వం ఏ అర్థాన్ని ఎంచుకున్నదో చూడండి.

చేసిన చెయ్యి, పోయిన భూమి

నగ చేసినవాళ్ల గతి ఏమైంది? ఊరి కంసాలి కుంపటి చల్లారింది. 1990ల నుంచి తెలుగు జిల్లాల్లో పెద్ద షోరూములు పెరిగినకొద్దీ పనిలేక, అప్పులు తీరక ఆత్మహత్య చేసుకున్న విశ్వబ్రాహ్మణుల వార్తలు వస్తూనే ఉన్నాయి. మెరుగు పెట్టడానికి దాచుకున్న సైనైడే చాలామందికి చావు మందు అయింది. మోసం చేసిన కంసాలిని కత్తులతో ముక్కలు చెయ్యమని చెప్పిన మనువు, మోసపోయిన కంసాలి గురించి ఏమీ రాయలేదు. జంధ్యం వేసుకున్నా ఈ వ్యవస్థలో పనివాడు పనివాడే. మద్రాసు రాజ్యంలో కుడిచేతి, ఎడమచేతి కులాల తగాదాలు నడిచిన రోజుల్లో కమ్మరి, కంసాలి, మాదిగ ఒకే ఎడమచేతి పక్షాన నిలబడ్డారన్న సంగతి ఇవ్వాళ ఇద్దరికీ గుర్తు లేదు. కొలిమికి గాలి ఊదిన తిత్తి మాదిగ తోలు. ఆ తోలు లేకుండా ఏ లోహమూ కరగలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఈ సున్నితమైన పని చేసేవాళ్లలో బెంగాల్ నుంచి వలస వచ్చిన కారిగార్లు చాలామంది. ఇరుకు గదుల్లో, ఆసిడ్ పొగలో, పీస్ లెక్కన. నగల లోకంలోనే ఇంకో మూల, 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. 2021 నుంచి నగల మీద హాల్‌మార్క్‌తోపాటు ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య వస్తున్నది. దానితో బంగారం స్వచ్ఛత తెలుస్తుంది, ఏ దుకాణానిదో తెలుస్తుంది. బొమ్మ లేపిన చెయ్యి ఎవరిదో ఆ ఆరు అక్షరాల్లో చోటు లేదు.

భూమి సంగతి. 2008 మార్చిలో తెరిచిన విమానాశ్రయం కిందికి దాదాపు 5,500 ఎకరాలు పోయాయి. ఆ తర్వాత చుట్టూ భూమి ధర బంగారమైంది. దళితులకు భూమి అంటూ ఉంటే ఎక్కువగా అసైన్డ్ భూమే గనక, అమ్ముకునే హక్కు లేక, పట్టాదారుతో సమానమైన లెక్క రాక, ఆ ధర పెరగడం వాళ్లకు పక్కింటి పండుగ అయింది. రావిర్యాలలో గీతాంజలి సంస్థ రత్నాభరణాల ఆర్థిక మండలి పెట్టి ఉద్యోగాలని చెప్పింది. 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం బయటపడ్డాక అక్కడి 170 ఎకరాలను ఈడీ జప్తు చేసింది. మహేశ్వరంలో 750 కోట్ల పెట్టుబడితో మలబార్ సంస్థ నగల ఫ్యాక్టరీకి 2022లో పునాది వేశారు, 2025లో అది మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు అందులో దక్కేది నకిషీ బల్ల ముందు చోటా, గేటు ముందు సెక్యూరిటీ డ్రెస్సా? ఈ లెక్క అడగాల్సింది స్థానిక సంఘాలు. అడిగితే కులాల వారీగా అడగాలి.

మన ఇండ్లల్లో

ఇంతా చెప్పి, దళితులు బంగారం కొనొద్దని నీతులు చెప్పడం మా ఉద్దేశం కాదు. తరతరాలు నిషేధించినదాన్ని మన ఆడవాళ్లు పెట్టుకోవడం హక్కు. కూలి డబ్బులో మిగిల్చి కొన్న అర తులం మన అమ్మలకు బ్యాంకు, బీమా, ఆసుపత్రి. యూనివర్సిటీ దాకా వచ్చిన మా బోటి మొదటి తరం వాళ్లలో ఎంతమంది ఫీజులు తల్లుల కమ్మలు కుదువపెట్టి కట్టినవో లెక్క తీస్తే, విశ్వవిద్యాలయాల పునాదుల్లో ఎంత బంగారం ఉందో తెలుస్తుంది. ప్రార్థనకు పోయే ఎంతోమంది పెంతెకొస్తు అక్కలు నగలు పూర్తిగా తీసేశారు. దాన్నీ మేము తప్పు పట్టం. మెడను ఎట్లా ఉంచుకోవాలో ఊరు చెప్పినట్టు కాక తాము అనుకున్నట్టు ఉంచుకోవడం రెండింటిలోనూ ఉంది.

మా అభ్యంతరం వేరే చోట. ఈ మధ్య మన ఇండ్ల పెండ్లిళ్లలో కూడా అప్పు చేసి నకిషీ హారం కొనడం మొదలైంది. అది దొరకనివాళ్లు ఒక గ్రాము బంగారంలో అదే రామపరివారాన్ని కొంటున్నారు. బందరు చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనివాళ్లు ఏ దేవతా బొమ్మనైనా అచ్చు దించి ఇస్తారు. ‘గొప్పింటోళ్ల తీరుగ ఉండాలె’ అనే మాట వెనక ఉన్న అవమానం మాకు తెలుసు. కానీ గొప్పింటి తీరు అంటే వాళ్ల వర్తమానం ఒక్కటే కాదు. ఆ హారం వాళ్ల గతాన్ని కూడా మనకు అమ్ముతున్నది. రాజులు లేని ఇంటికి రాజసం, గుడిలోకి రానియ్యని ఇంటికి గుడి. తరుగు మనం కడతాం, తాతలు వాళ్లవి ఉంటారు. తెలుగులో సొమ్ము అంటే డబ్బూ, నగా రెండూ. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఇక్కడ తలకిందులైంది. సొమ్ము మనదే, సోకులో కనపడే చరిత్ర మాత్రం మనది కాదు.

కాబట్టి విమర్శతోపాటు ఒక పని కూడా ఉంది. మన నగల చరిత్ర రాయాలి. రాజుల నగలకు మ్యూజియాలున్నాయి, పుస్తకాలున్నాయి. మన తాతమ్మల కంటె, గంటీలు, వెండి కడియాలు, పూసల దండలు, ఇనుప కడియాలు ఏమయ్యాయో ఎక్కడా రాసి లేదు. విద్యార్థులు, టీచర్లు ఈ పనిని సొంత వాడ నుంచే మొదలు పెట్టొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి: ఏ నగ ఉండేది, దానికి వాళ్లు ఏ పేరు పెట్టుకున్నారు, ఎవరు చేశారు, ఎవరి ముందు పెట్టుకోనియ్యలేదు, ఎవరు తెంపారు, ఏ సంవత్సరం ఎంతకు కుదువపెట్టారు, తిరిగి వచ్చిందా. కుదువ చీటీ ఉంటే దాన్ని కూడా దాచండి. హాల్‌మార్కు మీద లేని పేర్లు ఆ చీటీల్లో దొరుకుతాయి.